హెచ్‌ఐవీ మందులు మధ్యలో ఆగకుండా తెచ్చుకోవడం ఎలా: అనంతపురం వాళ్ల కోసం

హెచ్‌ఐవీకి మందు దొరక్క మన జిల్లాలో ఎవరూ ప్రాణం పోగొట్టుకోవాల్సిన పని లేదు. ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం దేశంలో 2004 ఏప్రిల్‌లో మొదలైంది. 2017 నుంచి సీడీ4 (జబ్బులను ఎదిరించే రక్తకణాల లెక్క) ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడుతున్నారు. అయినా మధ్యలో మానేసేవాళ్లు మానేస్తూనే ఉన్నారు.

తెలిసినవాళ్లకు తోడుగా ఏఆర్టీ సెంటర్‌కు, అంటే ఈ హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోటికి, వెళ్తూ ఉంటాను. మాత్ర ఒంటికి పడక మానేసినవాళ్లు నాకు ఒకరిద్దరే కనబడ్డారు. మిగతావాళ్లు మానేసింది ఆ రోజు కూలి పోతుందని, చార్జీలు లేక, ఇంట్లో పెళ్లి పడి, లేదంటే బస్టాండులో ఊరివాళ్లెవరో "ఏమప్పా, పెద్దాసుపత్రి దిక్కు పోతుండావే?" అని అడిగారని. అందుకే ఇక్కడ జబ్బు గురించి తక్కువ, దారి గురించి ఎక్కువ చెప్తాను. మీకు పాజిటివ్ వచ్చినా, మీ ఇంట్లో ఎవరికైనా వచ్చినా, ఒక్కో అడుగూ ఇట్లా వేయండి.

ముందు రిపోర్టు ఖాయం చేసుకోండి

ప్రైవేటు ల్యాబులో ఒక్క కార్డు టెస్టు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది. జిల్లా ఆస్పత్రి, ఏరియా ఆస్పత్రుల్లో ఉంటుంది, చాలా సీహెచ్‌సీల్లోనూ (సామాజిక ఆరోగ్య కేంద్రాలు) ఉంటుంది. అక్కడ టెస్టు ఉచితం. మొదటి టెస్టులో పాజిటివ్ వస్తే వేరే రకం కిట్లతో మళ్లీ చూసి, మూడింటిలోనూ అదే వస్తేనే పాజిటివ్ అని రాసిస్తారు. టెస్టుకు ముందూ తర్వాతా కౌన్సెలర్ మీతో ఒంటరిగా మాట్లాడాలి, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీయాలి. ఇది వాళ్లు మీకు చేసే ఉపకారం కాదు, చట్టంలో ఉన్న మాట.

ఏ ఐసీటీసీ ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి. టోల్ ఫ్రీ నంబరు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పాల్సిన అవసరం లేదు. పక్కన ఎవరైనా ఉంటారన్న టెన్షన్ ఉంటే చేను దగ్గరికో మిద్దె మీదికో వెళ్లి మాట్లాడండి.

భర్తకు వస్తే భార్య, భార్యకు వస్తే భర్త, తల్లికి వస్తే పిల్లలు కూడా టెస్టు చేయించుకోవాలి. దీన్ని వాయిదా వేయకండి. తల్లికి పాజిటివ్ అని తెలిసి రెండేళ్లయినా పిల్లాడికి టెస్టు చేయించని ఇల్లు ఒకటి చూశాను. వాడికి మాటిమాటికీ జ్వరం వస్తుంటే దిష్టి తీయిస్తూ కూర్చున్నారు.

ఏ సెంటర్‌కు వెళ్లాలి

ఐసీటీసీ వాళ్లు కాగితం రాసి ఏఆర్టీ సెంటర్‌కు పంపిస్తారు. అనంతపురంలో అయితే పెద్దాసుపత్రి, అంటే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి. కదిరి, ధర్మవరం వైపు వాళ్లకు బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆస్పత్రి తెలిసిన పేరే. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది, హెచ్‌ఐవీ రోగులను చూడటంలో వాళ్లకు ఏళ్ల అనుభవం ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, జిల్లా మారిందని మిమ్మల్ని ఎవరూ వెనక్కి పంపరు. గుత్తి దాటి కర్నూలు దగ్గరయ్యే వాళ్లు అక్కడి పెద్దాసుపత్రికి, తాడిపత్రి అవతల వాళ్లు కడప రిమ్స్‌కు వెళ్లొచ్చు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఊళ్లోవాళ్లు చూస్తారన్న భయంతో వంద కిలోమీటర్ల అవతల సెంటర్‌లో పేరు రాయించుకుంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, మొదటి రెండు మూడు నెలలు అట్లా వెళ్లినా తప్పు లేదు. కానీ ఈ మందు ఏళ్ల తరబడి తెచ్చుకోవాలి. చెనక్కాయ పీకే రోజుల్లో, మోకాళ్లు నొప్పి పుట్టే వయసులో, చేతిలో రూపాయి లేని నెలలో కూడా వెళ్లగలిగేంత దూరంలో ఉండాలి ఆ సెంటర్. దూరంగా మొదలుపెట్టినా, మనసు కుదుటపడ్డాక దగ్గరికి ట్రాన్స్‌ఫర్ అడగండి. మీకు దగ్గరలోని ఆస్పత్రిలో లింక్ ఏఆర్టీ ఉందేమో కూడా కౌన్సెలర్‌ను అడగండి. ఉంటే ప్రతిసారీ పెద్ద సెంటర్‌కు రాకుండా అక్కడే మాత్రలు తీసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు, అడిగితేనే తెలుస్తుంది.

ఆడవాళ్లకు ఒక మేలు జరిగింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. చార్జీల కోసం అత్తనో మొగుణ్నో అడిగి, ఎందుకో చెప్పలేక ఆగిపోయిన అక్కచెల్లెళ్లను నేను చూశాను. ఆ అడ్డు ఇప్పుడు లేదు.

మొదటి రోజు

పొద్దున్నే ఏదైనా తిని వెళ్లండి. రక్తం తీస్తారు, లైన్ ఉంటుంది, మధ్యాహ్నం దాటొచ్చు. ఐసీటీసీ ఇచ్చిన కాగితం, ఆధార్, పాత రిపోర్టులు, ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలు (షుగర్, బీపీ, ఫిట్స్, టీబీ ఏవైనా), నీళ్ల బాటిల్ పెట్టుకోండి. ముందు పేరు రాసుకుంటారు, తర్వాత కౌన్సెలర్, డాక్టర్, ల్యాబు, చివర మందుల కిటికీ. ఒక్కరోజులో అన్నీ అవ్వకపోవచ్చు. రెండోసారి రమ్మంటే విసుక్కోవద్దు.

డాక్టరు నాలుగు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు: దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమట పడుతోందా. ఇవి టీబీ కోసం. సిగ్గుపడి "ఏం లేదు సార్" అనకండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీసేది టీబీయే. అది దాగి ఉండగా మందు మొదలైతే పరిస్థితి చెయ్యి దాటొచ్చు. ఉందని తేలితే ముందు టీబీ మందు మొదలుపెట్టి, కొన్ని వారాల్లో ఏఆర్టీ కలుపుతారు. లేదంటే టీబీ రాకుండా కూడా మాత్రలు ఇస్తారు. సీడీ4 350 కంటే తక్కువుంటే సెప్ట్రాన్ మాత్ర కూడా రాస్తారు, అది వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా.

మొదటి రోజే ఫోన్ నంబరు అడుగుతారు. ఈ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఇంట్లో అందరూ ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వొద్దు. "ఈ నంబరుకే చేయండి, నేను ఎత్తితేనే మాట్లాడండి, ఇంటికి మనిషిని పంపొద్దు" అని కౌన్సెలర్‌కు స్పష్టంగా చెప్పి రాయించండి. అంతేగానీ తప్పుడు నంబరు మాత్రం ఇవ్వకండి. మీరు ఒక నెల రాకపోతే వెతికి పట్టుకునేది ఆ నంబరుతోనే.

ఒక్క మనిషికి చెప్పండి

ఎవరికీ చెప్పకుండా ఏళ్లు నెట్టుకొచ్చినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ నిలకడగా మందు వాడేవాళ్లలో నేను గమనించింది ఒకటే: వాళ్ల వెనక ఎవరో ఒక్క మనిషి ఉంటారు. అమ్మ కావొచ్చు, అక్క కావొచ్చు, పనిలో తోటి బేల్దారి కావొచ్చు. పదిమందికి చెప్పక్కర్లేదు. జ్వరం వచ్చి లేవలేని నెలలో మీ ఏఆర్టీ బుక్ (సెంటర్‌లో మందులు రాసిచ్చే పుస్తకం) పట్టుకుని మాత్రలు తెచ్చిపెట్టే ఒక్కరు చాలు.

ఆ ఒక్కరిని ఎంచుకునేటప్పుడు ప్రేమ ఎక్కువున్నవాళ్లను కాదు, నోరు అదుపులో ఉన్నవాళ్లను చూడండి. చెప్పే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. ఇంకొకరి రహస్యం మీ దగ్గర ఎప్పుడైనా బయటపెట్టారా? పెడితే మీదీ పెడతారు. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలకపోతే వాళ్లను కౌన్సెలర్ దగ్గరికే తీసుకెళ్లండి. మీరు చెప్తే ఏడుపులూ గొడవలూ అయ్యే మాట, కౌన్సెలర్ మేడమ్ చెప్తే ప్రశ్నలూ జవాబులూ అవుతుంది. ఒకే కంచంలో సంగటి తిన్నా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, బిడ్డను ఎత్తుకున్నా ఇది అంటుకోదని ఇంటివాళ్లు డాక్టరు నోటివెంట వినాలి.

ఇంట్లో ఎవరూ లేకపోతే విహాన్ పేరుతో నడిచే కేర్ అండ్ సపోర్ట్ సెంటర్ గురించి ఏఆర్టీ సెంటర్‌లో అడగండి. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది స్వయంగా ఈ మందు వాడుతున్నవాళ్లే. పదేళ్లుగా వాడుతూ, పిల్లల పెళ్లిళ్లు చేసి, మీ ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషిని చూస్తే వచ్చే ధైర్యం ఇంకెక్కడా రాదు.

మాత్ర, సీసా, చప్పుడు

ఇప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒక్కటి. తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఫరవాలేదు, వేళ తప్పకూడదు. రాత్రి టీవీ సీరియల్ వేళనో, పొద్దున పాలు పిండే వేళనో, రోజూ తప్పకుండా జరిగే పనితో ముడిపెట్టండి. ఫోన్లో అలారం పెడితే దానికి మందు పేరు పెట్టొద్దు, "మోటరు" అనో "పాలు" అనో పెట్టండి. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. మరుసటి రోజు వేళ వచ్చేసిందంటే ఒక్కటే వేసుకోండి, రెండు కలిపి మింగొద్దు.

కొత్తలో నిద్ర పట్టకపోవడం, తలనొప్పి కొందరికి వస్తాయి. రాత్రి నిద్ర పట్టకపోతే పొద్దున వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, ఆ మార్పుతోనే చాలామందికి సర్దుకుంటుంది. ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు ఉంటే మాత్రం తేదీ కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.

ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్ ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. ఈ మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి అవి వేసుకోండి, లేదా అవి వేసుకున్నాక ఆరు గంటలు ఆగండి. గర్భిణులు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి, ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డోసు చూడమని డాక్టరుకు చెప్పండి.

ఇక సీసా సంగతి. చిన్న విషయమని అనుకుంటారు కానీ దీనివల్ల మాత్రలు మానేసినవాళ్లు ఉన్నారు. సంచిలో కదిలితే గలగలమంటుంది, బస్సులో పక్కవాళ్లు చూస్తారు. పైన కాస్త శుభ్రమైన దూది పెట్టి మూత బిగిస్తే చప్పుడు రాదు. మాత్రలు తీసి పొట్లం కట్టుకోవద్దు, తేమ తగిలితే పాడవుతాయి. లోపల ఉన్న చిన్న పొట్లం తేమ పట్టకుండా ఉండటానికే, దాన్ని పారేయొద్దు. పైన కాగితం చించేయాలనిపిస్తే, ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

నాటుమందుతో రక్తం శుభ్రమవుతుందని, మూడు నెలల్లో నెగటివ్ చేస్తామని చెప్పేవాళ్లు మన దగ్గర ఉన్నారు. హెచ్‌ఐవీని పూర్తిగా తీసేసే పసరు లేదు. వాళ్లకు పోసే వేలల్లో పదో వంతు పెట్టి గుడ్లు, కందిబేడలు, చెనక్కాయలు తినండి.

పనికోసం ఊరు దాటేటప్పుడు

మన దగ్గర వాన లేని ఏడు సగం ఊరు బెంగళూరు బేల్దారి పనికో, కేరళకో వెళ్తుంది. మందు తెగిపోయేది ఎక్కువగా అక్కడే. వెళ్లేముందు ఒక్కసారి సెంటర్‌కు వెళ్లి నిజం చెప్పండి. ఆరోగ్యం నిలకడగా ఉండి మందు సరిగా వాడుతున్నవాళ్లకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉంది. కొన్ని నెలలు అక్కడే ఉండేట్టయితే ట్రాన్స్‌ఫర్ రాయించుకోండి. బెంగళూరులో బౌరింగ్, విక్టోరియా లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇవే మందులు, అవీ ఉచితమే. ట్రాన్స్‌ఫర్ లేకుండా అనుకోకుండా ఇరుక్కుపోయినా, దగ్గరలోని ఏఆర్టీ సెంటర్‌కు మీ బుక్ చూపిస్తే, తిరిగి ఊరికి వచ్చేదాకా సరిపడా మాత్రలు అడగొచ్చు.

అందుకే ఇప్పుడే, ఇది చదువుతుండగానే, మీ ఏఆర్టీ బుక్‌లో మొదటి పేజీ, చివరిసారి మందు రాసిన పేజీ ఫోటో తీసుకోండి. మీ ఏఆర్టీ నంబరు వేరే ఏదో పేరుతో ఫోన్లో సేవ్ చేసుకోండి.

వైరల్ లోడ్ అడిగి చేయించుకోండి

మందు మొదలైన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి వైరల్ లోడ్ టెస్టు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్టు, చేస్తారు. ఉచితం. బయట ల్యాబుకు పంపిస్తారు కాబట్టి ఫలితం రావడానికి టైమ్ పడుతుంది. తేదీ దాటిపోయినా ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి. వెయ్యి లోపు ఉంటే మందు పనిచేస్తున్నట్టు. వైరస్ అసలు కనబడలేదని రిపోర్టులో వచ్చి, అట్లాగే నిలబడితే, మీ నుంచి లైంగికంగా మీ భార్యకో భర్తకో ఇది సోకదు. ఈ మాట విన్నరోజు ఒక అన్న సెంటర్ బయట వేపచెట్టు కింద కూర్చుని ఏడ్చాడు. నాలుగేళ్లుగా పెళ్లాం పక్కన పడుకోవడానికే భయపడిన మనిషి అతను.

వెయ్యి దాటితే వెంటనే మందు మార్చరు. ఎక్కడ మాత్రలు తప్పాయో మాట్లాడి, కొన్ని నెలలు సరిగా వాడించి మళ్లీ చూస్తారు. అప్పుడు అబద్ధం చెప్తే నష్టం మీకే.

కడుపుతో ఉంటే

కడుపుతో ఉన్నప్పుడు మందు ఒక్కరోజు కూడా ఆపొద్దు. తల్లి సరిగా వాడితే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ. ప్రభుత్వ ఆస్పత్రిలోనే కాన్పుకు ముందుగా మాట్లాడుకోండి. పుట్టిన వెంటనే బిడ్డకు సిరప్ మొదలుపెట్టి కనీసం ఆరు వారాలు పోయాలి. ఆరో వారంలో, ఆరో నెలలో, ఏడాదికి, పద్దెనిమిదో నెలలో టెస్టులు ఉంటాయి. ఆరో వారంలో నెగటివ్ వచ్చిందని ఆగిపోకండి, పద్దెనిమిదో నెల దాకా వెళ్లాలి.

ఎవరైనా అవమానిస్తే

ఒకసారి నేను తోడు వెళ్లిన ఒక అమ్మాయికి అపెండిక్స్ నొప్పి. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రిపోర్టు చూడగానే మంచం మీద నుంచి లేపి, ఫైలు మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి, "వేరే చోట చూసుకోండి" అన్నారు. ఆరోజు నాకు చట్టం తెలియదు. అక్కడ అరిచి బయటికి వచ్చేశాం. ఇప్పుడైతే అట్లా రాను.

హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం, ఉద్యోగం తీసేయడం, బడిలో చేర్చుకోకపోవడం, ఇల్లు ఖాళీ చేయించడం దాని ప్రకారం తప్పు. మీ ఒప్పుదల లేకుండా మీ విషయం బయటపెట్టడమూ తప్పే. అట్లాంటిది జరిగితే అక్కడే గొడవపడి అలసిపోకండి. తేదీ, టైమ్, ఎవరు ఏమన్నారో అదే రోజు కాగితం మీద రాసుకోండి. ఫైలు మీద రాసింది ఫోటో తీయండి. ముందు మీ ఏఆర్టీ సెంటర్ డాక్టరుకు చెప్పండి. చాలాసార్లు ఆయన ఒక్క ఫోన్‌తోనే పని జరుగుతుంది. జరగకపోతే డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్యాధికారి) రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ చట్టం కింద ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ అనే అధికారి కూడా ఉంటారు. ఉచిత న్యాయ సలహాకు 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో మాట్లాడిస్తారు. కోర్టు దాకా వెళ్లినా అసలు పేరు బయటికి రాకుండా కేసు నడిపించమని అడిగే హక్కు మీకు ఉంది.

పింఛను

ఏఆర్టీ మందులు కనీసం ఆరు నెలలు వరుసగా వాడినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. దరఖాస్తు సంగతి ముందు ఏఆర్టీ సెంటర్‌లోనే మాట్లాడండి. మీ సచివాలయంలో ఎవరికి ఏం తెలుస్తుంది, డబ్బు చేతికి ఎట్లా వస్తుంది అని ముందే అడిగి, ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి. మరీ చిన్న ఊరైతే ఈ ప్రశ్న ముఖ్యం.

ఇప్పటికే మానేసి ఉంటే

మానేసి నెలలో, ఏడాదో అయ్యి, తిడతారని వెళ్లలేకపోతున్నవాళ్ల కోసమే ఇది ముఖ్యంగా రాశాను. సోమవారం పొద్దున వెళ్లండి. బుక్ పోయినా వెళ్లండి. పేరు, ఊరు, మొదట మందు తీసుకున్న ఏడు చెప్తే పాత రికార్డు వెతుకుతారు. కిటికీ దగ్గర లైన్లో వివరాలు చెప్పక్కర్లేదు, "కౌన్సెలర్‌ను కలవాలి" అంటే చాలు. లోపలికి వెళ్లాక, "అమ్మా, ఇన్ని నెలలు మానేశాను, మళ్లీ మొదలుపెట్టాలి" అని నేరుగా చెప్పండి. ఎందుకు మానేశారో కూడా చెప్పండి: చార్జీలా, తాగుడా, భర్తా, బెంగళూరా. ఆ కారణం తెలిస్తేనే ఈసారి లింక్ ఏఆర్టీ రాయాలా, మూడు నెలల మాత్రలు ఇవ్వాలా, ఇంకేదైనా చూడాలా అని వాళ్లు ఆలోచించగలరు. దగ్గు, జ్వరం ఉంటే ముందు టీబీ టెస్టు చేస్తారు. ఒక్కరే వెళ్లడానికి కాళ్లు రాకపోతే 1097కు చేసి, తోడు వచ్చే కార్యకర్త ఎవరైనా దొరుకుతారా అని అడగండి.